ర్యామ్ కొనే ముందు పేజీలు లెక్కపెట్టండి

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో మామూలుగా కథల మీదా కవిత్వం మీదా సభలు జరుగుతుంటాయి. ఈ సాయంత్రం డేటాబేస్ వంతు వచ్చింది. ముందు వరసల్లో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ పిల్లలు కనిపిస్తున్నారు. వెనకవైపు రుషికొండ, మధురవాడ ఆఫీసుల వాళ్ళు. శనివారం సాయంత్రం బీచ్ రోడ్డు మానుకుని ఇటొచ్చారంటే ఎవరి సర్వరో గట్టిగానే మొరాయిస్తున్నట్టుంది. (నవ్వులు)

నన్ను ఎవరు పిలిచినా మొదట అడిగేది ఒకటే ప్రశ్న. "ర్యామ్ ఎంత వేయించమంటారు సార్?" దీనికి నేను వెంటనే జవాబు చెప్పను. మీ క్వెరీలు, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు, ఏ పేజీల్ని, అంటే డేటా దాచిన ఏ ముక్కల్ని ముట్టుకుంటున్నాయి, ఒకసారి ముట్టుకున్న పేజీని మళ్ళీ ఎంతసేపటికి ముట్టుకుంటున్నాయి, ఈ రెండూ తెలిస్తే ర్యామ్ లెక్క దానంతట అదే తేలుతుంది. తెలియకపోతే 32 జీబీ అన్నా 256 జీబీ అన్నా గాల్లో మాటే. ఈరోజు చెప్పబోయేదంతా దీని చుట్టూనే. ఎక్కువగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ భాషలో చెబుతాను, నా చేతికి అలవాటైంది అదే. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్ళు కంగారు పడొద్దు, చివర్లో మీ దగ్గరికీ వస్తాను.

ఒక కేసుతో మొదలుపెడతాను. కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల సందుల్లో డయాగ్నొస్టిక్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. నాలుగైదు బ్రాంచీలున్న ఒకాయన, పేరు అనవసరం, ఫోన్ చేశారు. పొద్దున్న 7 నుంచి 10 దాకా సిస్టమ్ కదలదట. పరగడుపున రక్తం ఇవ్వడానికొచ్చిన షుగర్ పేషెంట్లు కౌంటర్ ముందు నిలబడి గొడవ. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ళు ర్యామ్ పెంచమన్నారు. 32 నుంచి 64 జీబీ చేశారు. "అంత డబ్బు పెట్టి ఏసినా ఏటీ మారలేదండి" అన్నారాయన. హిట్ రేషియో, అంటే అడిగిన డేటా మెమరీలోనే దొరికే శాతం, ఎంతుందని అడిగితే 99.9 శాతం అని గర్వంగా చెప్పారు. ఆ 99.9 వినగానే నాకు కొంచెం అనుమానం వచ్చింది. ఎందుకో చెప్పాలంటే ముందు కొలత గురించి మాట్లాడాలి. అంకెలు మాత్రం లెక్క సులువు కోసం గుండ్రంగా సర్దుతున్నాను.

క్వెరీ వేగం అనగానే అందరూ మిల్లీసెకన్లు చూస్తారు. అదే క్వెరీ మొదటిసారి 900 మిల్లీసెకన్లు, రెండోసారి 12. ఏది నిజం? రెండూ నిజమే. మొదటిసారి డేటా డిస్కు మీంచి వచ్చింది, రెండోసారి మెమరీలోనే ఉంది. పక్కన బ్యాకప్ నడుస్తుంటే మూడో అంకె వస్తుంది. కాలం అనేది ఆ క్షణంలో యంత్రం పరిస్థితిని బట్టి మారిపోతుంది. అదే, క్వెరీ ఎన్ని పేజీలు ముట్టుకుంది అన్న లెక్క దాదాపు మారదు. ప్లాన్, అంటే క్వెరీ కోసం డేటాబేస్ ఎంచుకునే దారి, మారనంత వరకు, డేటా పెద్దగా పెరగనంత వరకు, పొద్దున్న చూసినా అర్ధరాత్రి చూసినా అదే అంకె. అందుకే నేను గడియారం కంటే ముందు పేజీలు చూస్తాను.

పోస్ట్‌గ్రెస్‌లో పేజీ అంటే 8 కేబీ. ఒక్క రో, అంటే టేబుల్లో ఒక్క వరస, కావాలన్నా 8 కేబీ మొత్తం మెమరీలోకి రావాల్సిందే. మన ల్యాబ్‌లో పరీక్షల ఫలితాల టేబుల్ తీసుకోండి. 4 కోట్ల రోలు, ఒక్కో రో దాదాపు 200 బైట్లు. పేజీకి 40 రోలు పడతాయి. అంటే 10 లక్షల పేజీలు, 8 జీబీ. ఒక పేషెంటు పాత ఫలితాలు 12 కావాలి. ఇండెక్స్, అంటే పుస్తకం వెనక పదసూచిక లాంటిది, ఉంటే చెట్టులా అల్లిన దాని పైనుంచి కిందికి నాలుగు పేజీలు దిగుతుంది, తర్వాత ఫలితాలు చెల్లాచెదురుగా ఉన్నాయనుకుంటే ఇంకో 12. మొత్తం 16 పేజీలు. ఇండెక్స్ లేకపోతే 10 లక్షలు. ఈ రెండంకెల మధ్య ఉన్న తేడాని ఎంత ర్యామ్ పోసినా పూడ్చలేరు.

ఈ లెక్క చూడ్డానికి క్వెరీ ఎలా నడిచిందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అనే ఆదేశం పక్కన బఫర్స్ అని పెట్టండి. 18వ వెర్షన్ నుంచి అనలైజ్ అంటే చాలు, అదే చూపిస్తుంది. "షేర్డ్ హిట్=14 రీడ్=2" అని వస్తుంది. 14 పేజీలు పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్‌లో, అంటే మెమరీలో అది పేజీలు దాచుకునే చోట, దొరికాయి, 2 బయటినుంచి తెచ్చుకుంది. ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. రీడ్ అంటే డిస్కు దాకా వెళ్ళిందని కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగిందని మాత్రమే. లినక్స్ దగ్గర ఆ పేజీ దాని సొంత క్యాష్‌లో ఉంటే అక్కడినుంచే ఇచ్చేస్తుంది. అందుకే సర్వీసు రీస్టార్ట్ చేసి "క్యాష్ ఖాళీ చేసి కోల్డ్ టెస్ట్ చేశానండి" అంటే నేను ఒప్పుకోను. కింద లినక్స్ క్యాష్ వేడిగానే ఉంది కదా! టెస్ట్ మెషీన్ మీదైతే దాన్నీ ఖాళీ చేసి చూడండి. ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న అసలు సర్వర్ మీద, ఆ పని చెయ్యొద్దు. దానికి బదులు ట్రాక్_ఐఓ_టైమింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. అప్పుడు రీడ్‌కి ఎంత సమయం పట్టిందో కూడా చెబుతుంది. ఒక పేజీ మైక్రోసెకన్లలో వచ్చేస్తే లినక్స్ మెమరీ నుంచి వచ్చినట్టు, వంద మైక్రోసెకన్లు దాటితే ఎస్‌ఎస్‌డీ దాకా వెళ్ళినట్టు, మిల్లీసెకన్లలో పడితే తిరిగే డిస్కు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో సగం చుట్టు తిరగడానికే 4 మిల్లీసెకన్లు పైన పడుతుంది, హెడ్డు కదిలే సమయం దానికి అదనం.

ఇంకో హెచ్చరిక, పిల్లలు ముఖ్యంగా వినాలి. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ క్వెరీని నిజంగా నడుపుతుంది. దాని వెనకే డిలీట్ పెట్టి నొక్కితే ఆ రోలు పోయినట్టే. బిగిన్ కొట్టి, నడిపి, రోల్‌బ్యాక్‌తో రద్దు చేయండి. పైగా అది వచ్చిన రోల్ని మీ అప్లికేషన్‌కి పంపదు, పారేస్తుంది. రిపోర్టు స్క్రీన్‌కి రెండు లక్షల రోలు పంపే క్వెరీ ఇక్కడ చకచకా అయిపోయి, కౌంటర్ దగ్గర మాత్రం ఈడ్చుకుంటూ ఉంటే, ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు ఆ 99.9 సంగతికి వద్దాం.

హిట్ రేషియో అంటే అడిగిన పేజీల్లో ఎన్ని మెమరీలోనే దొరికాయన్న శాతం. వినడానికి బాగుంటుంది. దీంట్లో రెండు తిరకాసులు. మొదటిది, 99 నుంచి 98కి పడితే ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. డిస్కు వైపు నిలబడి చూడండి. వందకి ఒక రీడ్ వచ్చేది, రెండు వస్తున్నాయి. డిస్కు పని రెట్టింపయింది. 99.9 నుంచి 99కి పడితే పది రెట్లు. కాబట్టి దొరికినవి కాదు, దొరకనివి లెక్కపెట్టాలి. అదీ శాతంలో కాదు, సెకనుకు ఎన్ని అని.

రెండో తిరకాసు ఇంకా పెద్దది. చెడ్డ క్వెరీ హిట్ రేషియోని పెంచుతుంది! ఒక నెస్టెడ్ లూప్, అంటే ఒక టేబుల్లో ప్రతి రోకీ ఇంకో టేబుల్లో వెతికే పద్ధతి, అదే పేజీని లక్షసార్లు ముట్టుకుంటే లక్ష హిట్లు నమోదవుతాయి. అవసరం లేని పని ఎంత చేస్తే రేషియో అంత మెరిసిపోతుంది. హోటల్లో సర్వర్ గ్లాసులో ఎన్నిసార్లు నీళ్ళు పోశాడో చూసి భోజనం బాగుందని చెప్పడం లాంటిది ఇది. నాకు తెలిసి డాష్‌బోర్డుల మీద ఇంతగా మోసం చేసే అంకె ఇంకోటి లేదు. తీసేయమని ఎవరికి చెప్పినా, అది ఆకుపచ్చగా ఉంటుంది సార్, ఉండనివ్వండి అంటారు.

మన ల్యాబ్‌లో సరిగ్గా అదే జరుగుతోంది. నేను వెళ్ళి పొద్దున్న ఏడున్నరకి కౌంటర్ వెనకాల నిలబడ్డాను. పేషెంటు వస్తాడు. రిసెప్షన్ అమ్మాయి "ఇంతకుముందు వచ్చారా? ఫోన్ నంబరు ఆఖరి నాలుగంకెలు చెప్పండి" అంటుంది. ఆయన 4521 అంటాడు. ఆ అమ్మాయి కొడుతుంది. లోపల క్వెరీ ఏమిటంటే, ఫోన్ లైక్, ముందు శాతం గుర్తు, అంటే అక్కడ ఏ అంకెలున్నా సరేనని, తర్వాత 4521. మొదట్లోనే శాతం గుర్తు ఉంటే మామూలు ఇండెక్స్ పనికిరాదు, మొదటి అక్షరం తెలియకుండా నిఘంటువులో పదం వెతకలేం కదా. పేషెంట్ల టేబుల్లో 30 లక్షల రోలు, 75,000 పేజీలు, 600 ఎంబీ. ప్రతి పేషెంటుకీ ఆ 600 ఎంబీ మొత్తం మొదటినుంచి చివరిదాకా చదువుతోంది. అన్ని బ్రాంచీల కౌంటర్లూ ఒకేసారి.

ఆ 600 ఎంబీ ఎప్పుడూ మెమరీలోనే ఉంది. 32 జీబీలోనూ ఉంది, 64లోనూ ఉంది. అందుకే ర్యామ్ పెంచినా ఏటీ మారలేదు. ప్రతి వెతుకులాటకీ 75,000 హిట్లు, ఒక్క రీడ్ లేదు. రేషియో 99.9 కాక ఇంకేమవుతుంది? కాలిపోతున్నది సీపీయూ.

పరిష్కారం పెద్ద విద్యేమీ కాదు. ఫోన్ నంబరుని తిరగేసి దాని మీద ఇండెక్స్ కట్టాం. రివర్స్ అనే తిరగేసే ఫంక్షన్ ఫలితం మీద ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్, మొదటి అక్షరాలతో వెతికే వీలు కోసం టెక్స్ట్_ప్యాటర్న్_ఆప్స్ పెట్టి. క్వెరీలో కూడా 4521ని 1254 చేసి, శాతం గుర్తు వెనక్కి జరిపాం. కానీ లెక్క చూడండి, నాలుగంకెలకి పదివేల కలయికలే. 30 లక్షల మందిలో సగటున 300 మంది వచ్చిపడతారు. ఆ 300 పేర్లలో రిసెప్షన్ అమ్మాయి వెతుక్కోవాలి. అందుకని ఆరంకెలు అడగమన్నాం. సగటున ముగ్గురు. 75,000 పేజీలు పది లోపుకి దిగాయి. కౌంటర్లో అడిగే ప్రశ్న మార్చడం కూడా క్వెరీ ట్యూనింగే. అసలు విచిత్రమేమిటంటే ఆ తర్వాత హిట్ రేషియో కొంచెం తగ్గింది. ఓనరు గారు కంగారుపడి మళ్ళీ ఫోన్ చేశారు! (నవ్వులు)

సరే, ఏ క్వెరీ మీద కూర్చోవాలో ఎలా తెలుస్తుంది? పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. ఒక్కో క్వెరీ ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత కాలం తిన్నది, ఎన్ని బ్లాకులు, అంటే పేజీలు, ముట్టుకుంది అన్నీ ఉంటాయి. సగటు కాలం బట్టి కాదు, మొత్తం కాలం బట్టి వరసలో పెట్టండి. రోజుకోసారి 40 సెకన్లు పట్టే రిపోర్టు కంటే, రోజుకి లక్షసార్లు 30 మిల్లీసెకన్లు తినే చిన్న క్వెరీ ఎక్కువ మింగుతుంది. 3,000 సెకన్లు, గుణించి చూసుకోండి. ఇది మొదట్నుంచీ పోగుపడుతూ వచ్చే లెక్క కాబట్టి ఉన్నదున్నట్టు చూస్తే రాత్రి బ్యాచ్ పనులు కూడా కలిసిపోతాయి. 7 గంటలకి ఒక కాపీ, 10 గంటలకి ఒక కాపీ తీసి తీసివేత చేయండి. మీ నొప్పి ఉన్న మూడు గంటల బొమ్మ అప్పుడు కనిపిస్తుంది.

దాంట్లో ఒక లోటుంది. సగటు, కనిష్ఠం, గరిష్ఠం, ప్రామాణిక విచలనం ఇస్తుంది, పర్సెంటైల్, అంటే వందలో 95 సార్లో 99 సార్లో ఎంతలోపు అయిందన్నది, ఇవ్వదు. సగటు 20 మిల్లీసెకన్లున్న క్వెరీ, వందలో ఒకసారి ఒక సెకను తీసుకుంటుందనుకోండి. వందలో ఒకటే కదా అని వదిలేస్తాం. మీ హోమ్ స్క్రీన్ అలాంటి క్వెరీలు 40 నడుపుతుందా? అన్నీ బాగుండే అవకాశం 0.99ని 40 సార్లు గుణిస్తే వచ్చేదే, 67 శాతం. అంటే స్క్రీన్ తెరిచిన ప్రతి ముగ్గురిలో ఒకరికి నత్తనడక. ఫిర్యాదు చేసేది ఆయనే. సగటు చూసేవాళ్ళకి ఆయన అబద్ధం చెబుతున్నట్టు కనిపిస్తాడు. కాబట్టి లాగ్‌లో వ్యవధులు నమోదు చేయించి 95, 99 పర్సెంటైల్ మీరే తీసుకోండి. అన్నీ రాయిస్తే లాగ్ బరువవుతుంది, 13వ వెర్షన్ నుంచి శాంపిల్‌గా కొన్నే రాయించే ఏర్పాటుంది.

లోడ్ టెస్ట్ గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. దొంగ రద్దీ పుట్టించి సర్వర్‌ని పరీక్షించే పీజీబెంచ్ మామూలుగా ఒక జవాబు వచ్చాకే ఇంకో ప్రశ్న వేస్తుంది. సర్వర్ తడబడితే అదీ ఆగి వేచి ఉంటుంది, పాపం మర్యాదస్తురాలు. పరగడుపున వచ్చిన పేషెంట్లు అలా ఆగరు, సర్వర్ నెమ్మదించిందని ఇంటినుంచి బయల్దేరడం మానరు. అందుకని సెకనుకి ఇన్ని అని రేట్ ఇచ్చి నడపండి, అప్పుడు క్యూలో ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది. రెండోది, దాని మామూలు టెస్టు అన్ని రోల్నీ సమానంగా ఏరుతుంది. నిజ జీవితంలో నిన్నా ఇవాళా వచ్చిన రిపోర్టులే జనం చూస్తారు. సమానంగా ఏరితే క్యాష్ ఎందుకూ పనికిరానట్టు కనిపిస్తుంది. కొన్ని రోల్నే ఎక్కువగా ఏరే జిఫియన్ పంపకం దాంట్లోనే ఉంది, వాడండి. మీ ల్యాప్‌టాప్‌లో పదివేల రోల మీద చేసిన టెస్టు గురించైతే నేనేమీ మాట్లాడను.

ఇక క్యాష్ ఎంత ఉండాలి?

బోర్డు మీద ఏడక్షరాలు రాస్తున్నాను. వెనకాల వాళ్ళకి కనిపిస్తోందా? క, ఖ, గ, క, ఖ, ఘ, క. ఇవి ఏడుసార్లు అడిగిన పేజీలు, ఈ వరసలో. మెమరీలో రెండు పేజీలకే చోటుంది, చోటు చాలనప్పుడు ఎక్కువసేపటి నుంచి ముట్టుకోనిది బయటికి పోతుంది. క వచ్చింది, ఖ వచ్చింది, గ రాగానే క పోయింది. మళ్ళీ క కావాలి, లేదు. ఖ కావాలి, అదీ ఇప్పుడే పోయింది. చివరిదాకా చేయండి, ఒక్కటి కూడా దొరకదు. ఏడుకి సున్నా. చోటు మూడు చేయండి. రెండో క దొరుకుతుంది, రెండో ఖ దొరుకుతుంది, ఘ కొత్తది కాబట్టి గ బయటికి పోతుంది, ఆఖరి క దొరుకుతుంది. మూడు హిట్లు. చోటు నాలుగు చేయండి. మళ్ళీ మూడే! క, ఖ, గ, ఘ మొదటిసారి రావడాన్ని ఏ క్యాషూ ఆపలేదు.

చూశారా, ఒకటి నుంచి రెండుకి పెంచితే లాభం సున్నా. రెండు నుంచి మూడుకి పెంచితే మొత్తం లాభం. మూడు నుంచి నాలుగుకి మళ్ళీ సున్నా. క్యాష్ పరిమాణం మీద గీత గీస్తే అది నున్నగా పెరగదు, మెట్టులా ఉంటుంది. "ర్యామ్ రెట్టింపు చేశాం, ఏమీ మారలేదు" అన్నవాడు మెట్టు దాటేసి ఉండొచ్చు, మెట్టు దాకా ఇంకా రాకపోయి ఉండొచ్చు. రెండింటిలోనూ బయటికి కనిపించేది ఒకటే, చేయాల్సింది మాత్రం పూర్తిగా వేరు.

ఐబీఎంలో మ్యాట్సన్, ఆయన తోటివాళ్ళు 1970లో ఒక అందమైన సంగతి చూపించారు. ప్రతి పేజీకీ, పోయినసారి ముట్టుకున్నప్పటి నుంచి ఇప్పటిదాకా మధ్యలో ఎన్ని వేర్వేరు పేజీలు వచ్చాయో లెక్కపెడితే చాలు. మన రెండో క సంగతి చూడండి, మధ్యలో ఖ, గ రెండు. కాబట్టి దానికి మూడు చోట్లు కావాలి. ఇలా ముట్టుకున్న పేజీల చిట్టా ఒక్కసారి చదివితే అన్ని సైజుల క్యాష్‌లకీ హిట్ల లెక్క ఒకేసారి వచ్చేస్తుంది. సైజు మార్చి మార్చి టెస్టు చేయక్కర్లేదు. కోట్ల పేజీలకి ఈ లెక్క వేయాలంటే ఆ చిట్టాయే మెమరీని తినేస్తుంది. 2015లో షార్డ్స్ అనే పద్ధతి వచ్చింది. పేజీ నంబరుని హాష్ చేసి, అంటే ఒక సూత్రంతో కలగాపులగం అంకెగా మార్చి, వందకి ఒకటో వెయ్యికి ఒకటో పేజీల్ని మాత్రమే గమనించి, వచ్చిన దూరాన్ని వందతోనో వెయ్యితోనో గుణించడం. ఆశ్చర్యంగా అసలు గీతకి బాగా దగ్గరగా వస్తుంది.

మీకు చిట్టా తీసే వీలు లేదు అనుకుందాం. అప్పుడు నేను చేసేది నాటుపద్ధతి. పీజీ_బఫర్‌క్యాష్ అనే ఎక్స్‌టెన్షన్ తెరిస్తే షేర్డ్ బఫర్స్‌లో, అంటే పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్‌లో, ఏ టేబుల్ ఎంత ఆక్రమించిందో, ఒక్కో పేజీ వాడకం సంఖ్య ఎంతో కనిపిస్తుంది. ఆ సంఖ్య 0 నుంచి 5 దాకా. పొద్దున్న రద్దీలో కూడా ఎక్కువ పేజీలు 0, 1 దగ్గరే ఉంటే మీ క్యాష్ అవసరానికి మించి ఉన్నట్టు. అంతా 4, 5 అయితే తోపులాట జరుగుతోందని అనుమానించాలి. అనుమానమే, రుజువు కాదు. రుజువు కావాలంటే రెప్లికా మీద, అంటే నకలు సర్వర్ మీద, అదే లోడ్ పెట్టి మూడు నాలుగు సైజుల్లో సెకనుకి ఎన్ని రీడ్‌లు వస్తున్నాయో చూడాలి.

మన ల్యాబ్‌కి కాగితం మీదే లెక్క తేలిపోయింది. రోజుకి 20,000 పరీక్షలు. పేజీకి 40 కాబట్టి 500 పేజీలు, 4 ఎంబీ. నెల రోజుల డేటా అంతా కలిపి 120 ఎంబీ! 8 జీబీ టేబుల్ కదా అని భయపడ్డారు గానీ, వేడిగా ఉండేది, అంటే తరచుగా ముట్టుకునేది, దాని తోక మాత్రమే. పేషెంట్ల టేబుల్, ఇండెక్సులు అన్నీ కలిపినా 32 జీబీలో సుఖంగా కూర్చునేది.

ఇండెక్స్ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. వాళ్ళు ప్రతి పరీక్షకీ నాలుగో వెర్షన్ యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఇచ్చారు, అది పూర్తిగా ర్యాండమ్. డేటా టేబుల్ తోకలో పడుతుంది, ఇండెక్స్ ఎంట్రీ మాత్రం ఎక్కడ పడుతుందో తెలియదు. 4 కోట్ల ఎంట్రీలకి ఆ ఇండెక్స్ దాదాపు 2 లక్షల పేజీలు, 1.6 జీబీ. టేబుల్లో వేడి భాగం 4 ఎంబీ, ఇండెక్స్‌లో వేడి భాగమంటూ వేరే లేదు, 1.6 జీబీ అంతా గోరువెచ్చగా ఉంటుంది. సెకనుకి వెయ్యి రికార్డులు పడే సెన్సార్ సిస్టమ్‌లో ఇది పీక పట్టుకుంటుంది. ఈ ల్యాబ్‌లో రోజుకి 20,000 ఇన్సర్టులే కాబట్టి ఒక్కో ఇండెక్స్ పేజీ వంతు సగటున పది రోజులకోసారి వస్తుంది. అందుకే ఆ యూయూఐడీల జోలికి మేం వెళ్ళలేదు. కొత్తగా కట్టేవాళ్ళు మాత్రం కాలక్రమంలో పెరిగే ఏడో వెర్షన్ వాడండి, 2024లో ప్రమాణమైంది, పోస్ట్‌గ్రెస్ 18లో ఆ ఫంక్షన్ ఉంది.

పది రోజులకోసారి ముట్టుకునే పేజీని మెమరీలో ఉంచాలా వద్దా అని ఎలా తేల్చాం? దీనికి పాత లెక్క ఒకటుంది. 1987లో డేటాబేస్ పరిశోధకులు జిమ్ గ్రే, పుట్జోలు ఇద్దరూ రాశారు. అప్పట్లో సెకనుకి ఒక డిస్కు రీడ్ సామర్థ్యం కొనడానికి, దానికి తగ్గ ప్రాసెసర్ ఖర్చుతో కలిపి, 2000 డాలర్లు. ఒక కేబీ మెమరీకి 5 డాలర్లు. ఒక కేబీ రికార్డుని మెమరీలో ఉంచితే 5 డాలర్లు ఖర్చు, దానివల్ల మిగిలే డిస్కు ఖర్చు అది ఎంత తరచుగా అవసరమన్నదాన్ని బట్టి. రెండూ సమానమయ్యేది 400 సెకన్ల దగ్గర. దాన్ని గుండ్రంగా ఐదు నిమిషాల సూత్రం అన్నారు. ఐదు నిమిషాలకోసారైనా ముట్టుకుంటే మెమరీలో ఉంచు, లేకపోతే డిస్కులో వదిలెయ్. గ్రే 2007 జనవరిలో ఒంటరిగా పడవ వేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో తీరం నుంచి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన సూత్రంలోని అంకెలు ఎప్పుడో మారిపోయాయి, లెక్క వేసే తీరు చెక్కుచెదరలేదు. మీ క్లౌడ్ బిల్లు తీయండి. జీబీ ర్యామ్ ధరని బట్టి ఒక్క 8 కేబీ పేజీకి ఎంత, సెకనుకి ఒక అదనపు డిస్కు రీడ్‌కి ఎంత. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. వచ్చిన సెకన్ల కంటే ఎక్కువ విరామంతో ముట్టుకునే పేజీల కోసం ర్యామ్ కొనడం డబ్బు దండగ.

పంపకం గురించి కొంచెం. షేర్డ్ బఫర్స్ మామూలుగా 128 ఎంబీ ఉంటుంది, అది అలాగే వదిలేసిన ప్రొడక్షన్ సర్వర్లు చాలా చూశాను. డేటాబేస్‌కే కేటాయించిన మెషీన్ అయితే ర్యామ్‌లో 25 శాతంతో మొదలుపెట్టమని, 40 దాటితే పెద్దగా ఒరిగేది ఉండదని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే చెబుతుంది. మిగతాది లినక్స్ క్యాష్‌కి. ఎఫెక్టివ్_క్యాష్_సైజ్ అనేది ఒక్క బైటు కూడా కేటాయించదు, ప్లానర్‌కి, అంటే క్వెరీ దారి ఎంచుకునే భాగానికి, అంచనా మాత్రమే.

అసలు కొంప ముంచేది వర్క్_మెమ్, అంటే క్వెరీ తన పనికి వాడుకునే మెమరీకి పెట్టే హద్దు. మామూలుగా 4 ఎంబీ. ఎవరో నెట్‌లో చదివి 64 చేస్తారు. అది కనెక్షన్‌కి కాదు, క్వెరీలో ఒక్కో సార్టింగ్‌కి. హాష్ పనికైతే 15వ వెర్షన్ నుంచి దానికి రెట్టింపు. 100 కనెక్షన్లు, ఒక్కోటి రెండు సార్టింగులు, 64 ఎంబీ చొప్పున 12.8 జీబీ. ప్రశాంతమైన రోజుల్లో ఏమీ కాదు. నెలాఖరున అందరూ ఒకేసారి రిపోర్టు నొక్కినప్పుడు మెమరీ చాలక లినక్స్ వచ్చి డేటాబేస్ ప్రాసెస్‌ని చంపేస్తుంది. పెంచాలనుకుంటే ఆ ఒక్క రిపోర్టు సెషన్‌కే పెంచండి.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు. 8 జీబీ షేర్డ్ బఫర్స్‌ని లినక్స్ లెక్కలో ఉండే 4 కేబీ మెమరీ పేజీలుగా కోస్తే 20,97,152 ముక్కలు. ఒక్కో ముక్కకి 8 బైట్ల చిరునామా, అంటే ప్రాసెస్‌కి 16 ఎంబీ. పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్‌కో ప్రాసెస్ కదా, అన్నీ మొత్తం క్యాష్‌ని తడిమితే 100 కనెక్షన్లకి 1.6 జీబీ కేవలం చిరునామాల పుస్తకాలకే పోయింది. 2 ఎంబీ హ్యూజ్ పేజీలు పెడితే 4,096 ముక్కలే. రాత్రి పదింటికి ఒక్క రీస్టార్టుతో వచ్చే లాభం ఇది.

సరే, ప్రశ్నలుంటే అడగండి. మొదటి వరసలో అమ్మాయి చెప్పమ్మా.

"సార్, ఆ ల్యాబ్‌కి ముందు రెడిస్ పెట్టేస్తే సరిపోయేది కదా?"

మంచి ప్రశ్న. రెడిస్ అంటే డేటాని మెమరీలో దాచే వేరే ప్రోగ్రామ్, డేటాబేస్ ముందు క్యాష్‌గా పెడతారు. క్యాష్ పనిచేయాలంటే అడిగిందే మళ్ళీ అడగాలి. ఒక పేషెంటు ఆఖరి అంకెలు పొద్దున్న ఒకసారి కొడతారు, మళ్ళీ ఆర్నెల్లకి కొడతారు. రెడిస్‌లో దాచి ఏం లాభం? పైగా రిపోర్టు సరిదిద్దితే రెడిస్‌లో పాతది మిగిలిపోయే ప్రమాదం. రిపోర్టుల విషయంలో అది మామూలు ప్రమాదం కాదమ్మా. రెడిస్ ఎక్కడ బాగుంటుందంటే, పరీక్షల ధరల పట్టిక లాంటివి, అందరూ అడిగేవి, అరుదుగా మారేవి. పెట్టినప్పుడు మ్యాక్స్‌మెమరీ అనే హద్దు తప్పక ఇవ్వండి, 64 బిట్ మెషీన్ మీద ఇవ్వకపోతే హద్దు ఉండదు. హద్దు ఇచ్చి, దేన్ని తొలగించాలో చెప్పకపోతే నిండగానే కొత్తవి రాయడానికి ఎర్రర్ ఇస్తుంది. అన్నిటికీ ఒకే గడువు పెట్టకండి, అన్నీ ఒకేసారి చచ్చి అందరూ డేటాబేస్ మీద పడతారు. కొంచెం అటూఇటూ చేయండి.

వెనకాల మాస్టారు చెయ్యెత్తారు, చెప్పండి.

"కరెంటు పోయి సర్వర్ మళ్ళీ లేచిన రోజు పొద్దున్నంతా నరకం అండి. దానికేమైనా ఉందా?"

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ చూసిన ఊరండీ మనది, కరెంటు పోవడం గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సర్వర్ లేచేసరికి క్యాష్ ఖాళీ, ఇందాక చెప్పిన వేడి పేజీలన్నీ డిస్కులో ఉన్నాయి. పీజీ_ప్రీవార్మ్ ఎక్స్‌టెన్షన్‌లో ఆటోప్రీవార్మ్ ఆన్ చేస్తే 300 సెకన్లకోసారి క్యాష్‌లో ఏ పేజీలున్నాయో జాబితా రాసుకుంటుంది, లేచాక వాటినే లోపలికి తెచ్చుకుంటుంది. ఏడింటికి గేట్లు తీసే చోట ఆరున్నరకే సర్వర్ లేపితే ఆ అరగంట చాలు. మీ దగ్గర క్యాష్ మరీ పెద్దదైతే అది నింపడానికి పట్టే సమయం కూడా సైజు లెక్కలో కలుపుకోండి. ఎవరూ కలుపుకోరు.

ఇంకొక్కటి. మీరు తమ్ముడూ, నీలం చొక్కా.

"మైఎస్‌క్యూఎల్‌లో బఫర్ పూల్ 80 శాతం పెట్టమంటారు సార్. మా 64 జీబీ మెషీన్‌లో పెట్టేయొచ్చా?"

బఫర్ పూల్ అంటే మైఎస్‌క్యూఎల్ సొంత క్యాష్. పోస్ట్‌గ్రెస్‌కి 25, మీకు 80 ఎందుకంటే మైఎస్‌క్యూఎల్ లోపల డేటా దాచే భాగమైన ఇన్నోడీబీని మామూలుగా లినక్స్ క్యాష్‌ని దాటేసి నేరుగా డిస్కుతో మాట్లాడేలా పెట్టుకుంటారు, ఒకే పేజీ రెండుచోట్ల ఉండదు. అది ఓ_డైరెక్ట్ సెట్టింగ్, మీ మెషీన్‌లో ఉందో లేదో ముందు చూసుకో. 64లో 80 శాతమంటే 51 జీబీ. మిగిలిన 13లో కనెక్షన్ల సొంత బఫర్లు, ఆపరేటింగ్ సిస్టమ్, అదే మెషీన్ మీద జావా అప్లికేషన్ కూడా నడుస్తోందా? చూశావా, తలూపుతున్నావు. అలాంటప్పుడు 80 కుదరదు. 60తో మొదలుపెట్టు. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి ఈ సైజు రీస్టార్ట్ లేకుండానే మార్చుకోవచ్చు. ఇన్నోడీబీ_బఫర్_పూల్_రీడ్స్ అని ఒక కౌంటర్ ఉంటుంది, పూల్‌లో దొరక్క డిస్కుకి వెళ్ళిన వాటి లెక్క. రద్దీ మొదలయ్యేముందు ఒకసారి, తగ్గాక ఒకసారి రాసుకుని తీసివేత చెయ్యి. తర్వాత 4 జీబీ పెంచి, మర్నాడు అదే వేళకి మళ్ళీ చూడు. తగ్గుతుంటే ఇంకో 4 పెంచు. ఆ తేడా 60 శాతం దగ్గరే సున్నాకి దగ్గరగా ఉందంటే 80 దాకా వెళ్ళాల్సిన పనే లేదు, ఆ మిగిలిన మెమరీ మీ జావా వాళ్ళకి ఇచ్చెయ్.